బరువైన లెన్సూ, ఎకరం మిరప తోటా

మొన్న మా శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నాకు పరిచయం లేదు, నా నంబరు ఎవరో ఇచ్చారట. "మేడమ్, పురుగుల ఫొటోలు దగ్గరగా తీయడానికీ, ఊళ్ళో మీటింగులు అవీ మామూలుగా తీయడానికీ ఒకే లెన్సు కొనాలనుకుంటున్నా. మోయడానికి తేలిగ్గా ఉండాలి. మీరైతే ఏది తీసుకోమంటారు?" అని అడిగింది. రిటైరై రెండేళ్ళు కావస్తున్నా నన్ను లెన్సుల గురించి అడిగేవాళ్ళున్నారంటే నా పాత పేరు ఇంకా చెలామణీలో ఉందన్నమాట. ఆఫీసులో వెనకాల నన్ను 'లెన్సు మేడమ్' అనేవాళ్ళు. ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు, నాకు నోరు కాస్త ఎక్కువ.

ఆ అమ్మాయికి నాలుగు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టాక మనసు ఒప్పుకోలేదు. చెప్పినవన్నీ నిజమే. కానీ ఆ నాలుగు ముక్కలూ నేను ఎక్కడ నేర్చుకున్నానో చెప్పలేదు. ఒక కౌలు రైతు తోటలో, ఆయన ఖర్చు మీద నేర్చుకున్నాను. ఇన్నాళ్ళు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉన్నాను. ఇప్పుడు పొలాల వెంట తిరుగుతున్న మీలాంటి వాళ్ళ కోసమైనా చెప్పాలి.

నేను మండల వ్యవసాయ అధికారిగా చివరి ఐదేళ్ళు అద్దంకికి అటూ ఇటూ పనిచేశాను. మిరప పూలల్లోకి నల్ల తామర పురుగు దిగిన రోజులవి. పువ్వు తుంచి అరచేతిలో తడితే నువ్వు గింజలో సగం కూడా లేని నల్లటి పురుగులు చకచకా పాకేవి. రైతుకి కళ్ళజోడు ఉండదు, ఉన్నా ఇంటి దగ్గర పెట్టి వస్తాడు. "ఏమీ లేవు గదండీ" అనేవాడు. అందుకని ఫొటో తీసి చూపిద్దామని కెమెరా కొన్నాను. దానితో పాటు ఒక చిన్న లెన్సు వచ్చింది. అది దగ్గరికి పోతే మసకబారేది. అప్పుడు పురుగుల ఫొటోల కోసమే తయారుచేసిన పెద్ద లెన్సు ఒకటి, మా వారు సణుగుతున్నా వినకుండా కొన్నాను.

నిజం చెప్పాలంటే అది అద్భుతమైన లెన్సు. పురుగు రెక్కల అంచున ఉండే కుచ్చు కూడా లెక్కపెట్టొచ్చు. జిల్లా మీటింగులో నా ఫొటో గోడంత తెర మీద వేస్తే, పెద్దా చిన్నా అందరూ "అబ్బ" అన్నారు. ఆ "అబ్బ"యే నా కొంప ముంచింది. అప్పటి నుంచి కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఏ ఊరెళ్ళినా కెమెరా తీయడమే. మా సిబ్బంది వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఫోనుతో తీసిన ఫొటో పెడితే, "ఇది ఆకా, అప్పడమా?" అని అడిగేదాన్ని. పాపం, పెట్టడం మానేశారు.

లెన్సు ఒక్కటే అరకిలో పైన ఉండేది. కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, సంచీ కలిపితే చంటిపిల్లని చంకనేసుకున్నట్టే. స్కూటీ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని పోయేదాన్ని. పక్క మండలంలో నాతో పాటు ఉద్యోగంలో చేరిన ఒకాయన ఉండేవాడు, చీరాల నేతపని వాళ్ళ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఎక్కడ కనపడినా, "ఏంటి మేడమ్, ఎవరి పెళ్ళి? మాకు చెప్పనేలేదు" అనేవాడు. భుజం నొప్పి మొదలైంది. సంచీ బరువు తగ్గించాలనుకుని ఒకరోజు చిన్న లెన్సు తీసి ఆఫీసు బీరువాలో పెట్టేశాను. బరువు తగ్గించుకోవడానికి తేలికదాన్ని వదిలేసిన ఘనురాలిని నేనే.

ఇక ఆ తోట సంగతి. రెండెకరాల నల్లరేగడి, కౌలుకి చేస్తున్న సాయిబుగారిది. ఆయన అంతకు ముందు అద్దంకిలో సైకిళ్ళు బాగుచేసే కొట్టు పెట్టుకుని ఉండేవాడు. సైకిళ్ళు పోయి మోటారు బళ్ళు వచ్చాక కొట్టు మూసేసి వ్యవసాయంలోకి దిగాడు. ఆయన భార్యకి పుట్టింటి నుంచే సేద్యం తెలుసు. ఎప్పుడు ఏం చేయాలో ఆవిడ చెప్పేది, ఆయన చేసేవాడు. పొలం యజమాని ఒంగోల్లో ఉంటాడు. ఏ ఏటికి ఆ ఏడు నోటిమాట మీద కౌలు, కాగితం లేదు. మా వైపు చాలా మందికి అంతే.

అక్టోబరు వానల్లో సాయిబుగారు ఆఫీసుకొచ్చాడు. "మేడమ్ గారూ, మిరప నాటి నలభై ఐదు రోజులైంది. ఆకులు ఉన్నట్టుండి ముడుచుకుపోయినయ్యి. ఒకసారి రండమ్మా" అన్నాడు. మధ్యాహ్నం వెళ్ళాను. బండ్లు తిరిగే డొంక పక్కనే తోట. ముందు రోజు వానకి నేల నానిపోయి ఉంది. నల్లరేగడి తడిసిందంటే తెలుసుగా, నాలుగడుగులు వేస్తే చెప్పుకి ఇంత మట్టి పట్టుకుని కాలు లేవదు. భుజాన సంచీ. పైన సన్న తుంపర. డొంక వైపు, వరసల మొదట్లోనే ఆగిపోయాను.

అక్కడి మొక్కలు చూస్తే గుండె నీరైంది. లేత ఆకులు సన్నగా, పొడుగ్గా సాగి, ఈనెలు దగ్గరపడి మెలితిరిగి ఉన్నాయి. స్టాండు వేశాను, సాయిబుగారి చేత గొడుగు పట్టించాను, గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టి తీశాను. ఇరవై పైన ఫొటోలు. ఒకదాన్ని మించి ఒకటి. ఆ తోట ఏమైపోతుందో ఆలోచించకుండా ఆ ఆకు ఈనె ఎంత బాగా పడిందో చూసుకుని లోపల సంతోషించిన మాట కూడా దాచను.

అక్కడి నుంచే ఫోనులోకి ఎక్కించి, పరిశోధన కేంద్రంలో నాకు తెలిసిన శాస్త్రవేత్తకి పంపాను. నాకంటే వయసులో చిన్నవాడు, నెమ్మదస్తుడు. వెంటనే జవాబిచ్చాడు: "మేడమ్, చేను మొత్తం కనపడేలా ఒకటి పంపగలరా?" నా లెన్సుతో చేను పట్టాలంటే నేను పక్క ఊళ్ళో నిలబడాలి. చిన్న లెన్సు బీరువాలో ఉంది. ఫోను చేతిలో ఉంది గదా అని మీరు అడగబోతున్నారు. ఉంది. అతని మెసేజీ చదివింది ఆ ఫోనులోనే. ఫోను ఫొటోల్ని అప్పడాలని వెక్కిరించిన మనిషిని, దానితోనే తీసి పంపడానికి నామోషీ అనిపించింది. ఇంకో మూడు ఆకుల ఫొటోలు పంపి, కింద "ఇవి ఇంకా స్పష్టంగా ఉన్నాయి" అని రాశాను.

కాసేపటికి అతను రాశాడు: "ఆకు వరకు చూస్తే జెమిని వైరస్ లాగే ఉంది. చేను తిరిగి చూసి మీరు నిర్ణయించండి." అందులో మొదటి వాక్యమే నా కంటికి ఆనింది.

ఆ వైరస్ సంగతి మిరప వేసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మందు లేదు. తెల్లదోమ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోసుకుపోతుంది. తొందరగా పీకి తగలబెట్టకపోతే మీ తోటే కాదు, పక్కవాళ్ళ తోటలూ పోతాయి. నేను అదే చెప్పాను. "డొంక వైపు ఎకరం పీకేయండి. లోపల బాగున్నట్టు కనపడేవి కూడా వదలొద్దు, వాటిలో దాక్కుని ఉంటుంది. అప్పుడు రెండో ఎకరమన్నా దక్కుతుంది."

సాయిబుగారు భార్య వైపు చూశాడు. ఆయన భార్య వంగి ఒక మొక్కని కొమ్మ పట్టుకుని చూసింది.

"ఇది చచ్చే మొక్కలాగా లేదండీ" అంది. "వేరు చూడండి ఎంత గట్టిగా ఉందో. దేనికో అలిగింది, అంతే. నాలుగు రోజులు చూద్దాం."

"నాలుగు రోజులు చూస్తే ఊరంతా పాకుతుందమ్మా. అప్పుడు ఊళ్ళోవాళ్ళకి మీరు జవాబు చెబుతారా?" అన్నాను. గొంతు పెద్దదే వచ్చింది.

"మేడమ్ గారు చదువుకున్నోళ్ళే, ఊరుకో" అన్నాడు సాయిబుగారు ఆవిడతో. నాతో, "రేపే మనుషుల్ని పెట్టి పీకిచ్చేస్తానండీ" అన్నాడు. అన్నట్టే పీకించాడు. కట్టలు కట్టలుగా డొంక పక్కన పోగేసి తగలబెట్టి, ఆ పోగు ఫొటో ఫోనులో నాకు పంపాడు. నేను బొటనవేలు బొమ్మ పెట్టాను. నా డైరీలో "సందర్శించి తగు సలహా ఇవ్వడమైనది" అని రాసుకున్నాను.

మూడు వారాల తర్వాత మిగిలిన ఎకరం ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. నేల ఆరింది. పీకేసిన ఎకరంలో శనగ విత్తారు, అప్పుడే మొలక పైకి వస్తోంది. అయితే ఆ ఎకరం అంచున, తోట చుట్టూ కాపుగా వేసిన జొన్న వెనకాల, నాలుగు వరసల మిరప అలాగే ఉంది. డొంక మీద నుంచి చూసేవాళ్ళకి కనపడదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇదేంటండీ? పీకమన్నానా లేదా? దాచిపెట్టుకున్నారా?" అని అరిచాను.

సాయిబుగారు బిత్తరపోయాడు. ఆయనకీ అప్పటిదాకా తెలియదనుకుంటాను, లేక తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాడో. ఆయన భార్య మాత్రం కొంగు నడుముకి దోపుకుని నా దగ్గరికొచ్చింది.

"తిట్టేముందు ఒకసారి చూడండమ్మా. చూసి, పీకమంటే ఇప్పుడే పీకేస్తా."

చూశాను. కెమెరా తీయలేదు, ఊరికే వంగి చూశాను. కింది ఆకులు ఇంకా సన్నగా మెలితిరిగే ఉన్నాయి. పైన వచ్చిన కొత్త చిగురు మాత్రం వెడల్పుగా, నున్నగా, పచ్చగా ఉంది. రెండు కొమ్మల మధ్య పూమొగ్గ. వైరస్ పట్టిన మొక్క మళ్ళీ ఇలా చిగురించదు. చిగురు దగ్గరే దాని ప్రతాపం చూపిస్తుంది.

ఆ వరసలు డొంక నుంచి లోపలికి పొడుగ్గా పోతున్నాయి. వాటి వెంట నడిచాను. మొదటిసారి వచ్చిన రోజు నడవాల్సిన నడక అది. డొంక దగ్గర మొక్కలకి కింది ఆకులన్నీ పాడై ఉన్నాయి. ఇరవై అడుగులు పోయాక సగమే. ఇంకో ఇరవై అడుగులకి ఒకటీ అరా. ఆ తర్వాత ఏమీ లేదు, కింద నుంచి పై దాకా బంగారం లాంటి మొక్కలు. తెల్లదోమ మోసుకొచ్చే జబ్బు ఇక్కడొకటి, అక్కడొకటిగా వస్తుంది గానీ, ఇలా కొలిచినట్టు తగ్గుకుంటూ పోదు.

అక్కడే గట్టు మీద కూలబడ్డాను. నడుము దగ్గర సంచీ ఇంకా వేలాడుతూనే ఉంది.

"ఆకులు ముడుచుకోక ముందు మందు ఎవరు కొట్టారు?" అని అడిగాను.

పక్క ఊరి పల్లె నుంచి వచ్చే కూలీ. వీపు మీద మోసే స్ప్రేయరు అతని సొంతం. కబురు చేస్తే అరగంటలో వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మా నాన్న కూడా అదే పని చేసేవాడు, అదే పని చేసి నన్ను చదివించాడు. అందుకని అతను నిలబడ్డ తీరు చూస్తేనే తిట్లకి సిద్ధపడి వచ్చాడని నాకు తెలిసిపోయింది.

"అంతకు ముందు రోజు ఎక్కడ కొట్టావు బాబూ?"

"మొక్కజొన్న చేలో అమ్మగారూ. కలుపు మందు." అని, నా మొహం చూసి, "కడిగానండీ. రెండు సార్లు నీళ్ళు పోసి తిప్పి పారబోశాను. ప్రభువు మీద ఒట్టు" అన్నాడు.

కడిగే ఉంటాడు. కానీ ఆ రకం కలుపు మందు రెండుసార్లు కడిగితే పోదు. ట్యాంకు గోడల్నీ రబ్బరు గొట్టాన్నీ పట్టుకుని ఉంటుంది. మొదటి ట్యాంకులో ఎక్కువ దిగుతుంది, రెండో దాంట్లో తక్కువ, నాలుగో దాంట్లో ఏమీ ఉండదు. అతను డొంక దగ్గర మొదలుపెట్టి అడ్డంగా కొట్టుకుంటూ లోపలికి పోయాడు. అతను నడిచిన దారి అంతా ఆ తోట మీద రాసి ఉంది. గట్టు మీద నిలబడి ఒక్కసారి తలెత్తి ఉంటే నాకు కనపడేది. అతనేమో ఎటూ పోలేదు, పక్క ఊళ్ళోనే ఉన్నాడు, అడిగితే ఆ రోజే చెప్పేవాడు.

ఆ మొక్కలు రెండు మూడు వారాల్లో వాటంతట అవే తేరుకునేవి. నేను చెప్పకపోతే ఆ ఎకరం నిలబడి ఉండేది.

"తప్పు నాదేనండీ" అన్నాను. సాయిబుగారికి వెంటనే అర్థం కాలేదు. ఇంకోసారి వివరంగా చెప్పాను. ఆయన శనగ మొలకల వైపు చూస్తూ, "పోనీండి, రాసిపెట్టి ఉంది" అన్నాడు. ఆయన భార్య నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆ నీళ్ళు తాగడం ఎంత కష్టమైందో నాకు తెలుసు.

మరుసటి వారం ఆఫీసు పని మీద గుంటూరు పోతూ ఆ బరువు లెన్సు మార్చేద్దామని వెంట తీసుకెళ్ళాను. చీరాల ఆయన కూడా వచ్చాడు. బస్సులో జరిగిందంతా చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చేయలేదు. "మా నాన్న చీర కొనడానికి వచ్చినవాడి ముందు దాన్ని మొత్తం పరిచేవాడు. చూసుకున్నాక గానీ పోగులు లెక్కపెట్టే అద్దం చేతికిచ్చేవాడు కాదు" అన్నాడు. తర్వాత పల్లీలు కొనిచ్చాడు.

కెమెరా కొట్టు ఆసామి నేను టిఫిన్ డబ్బా మూత తీసేసరికి లేచి నిలబడ్డాడు. అందులో తడిగుడ్డ చుట్టిన మిరప పూలు ఉన్నాయి, పూలల్లో పురుగులు. "మేడమ్, కొట్లో వదలకండి!" అన్నాడు. "నీ కొట్లో మిరప లేదుగా, చచ్చిపోతాయిలే" అన్నాను.

అతను మూడు లెన్సులు చూపించాడు. మొదటిది దూరాన్ని దగ్గరికి లాగే రకం, అన్నిటికీ పనికొస్తుందన్నాడు గానీ పువ్వు దగ్గరికి పోతే మసకే. రెండోది చాలా చిన్నది, పురుగుని బ్రహ్మాండంగా పట్టింది. కాకపోతే ఎంత దగ్గరికి పోవాలంటే లెన్సు నీడే పువ్వు మీద పడింది. మూడోది ముప్పై ఐదు మిల్లీమీటర్లది. నా పాతదానంత పెద్దగా చూపించదు, అందులో సగమే. ఆ సగంలోనే పువ్వూ, పువ్వులో పాకే పురుగూ స్పష్టంగా పడ్డాయి. రైతుకి చూపించడానికి అది చాలు, రెక్కల కుచ్చు వాళ్ళకెందుకు? చేతులు కాస్త వణికినా ఫొటో చెదరకుండా సర్దుకునే ఏర్పాటు ఉంది, కాబట్టి స్టాండు అక్కర్లేదు. వెలుతురు తక్కువున్నా పనిచేస్తుంది. పువ్వుని తీసిన లెన్సుతోనే తలెత్తి కొట్టు ఆసామిని తీశాను, ఒక అడుగు వెనక్కేసి కొట్టంతా తీశాను. ఏదీ విప్పలేదు, మార్చలేదు.

"మెడలో వేసుకుని కాసేపు తిరిగొస్తా" అన్నాను. అతను నీళ్ళు నమిలాడు. చీరాల ఆయన్ని తాకట్టుగా కూర్చోబెట్టి బయటికి పోయాను. సందు చివర దాకా నడిచి, ఇడ్లీ తిని, ఎండుమిర్చి బస్తాలు దించుతున్న వాళ్ళని తీసి, తిరిగొచ్చాను. మెడలో ఉన్నట్టే గుర్తులేదు. నాకు కావలసింది అదే. బరువున్న వస్తువు మనల్ని నిలబడ్డ చోటే ఉంచేస్తుంది. తేలికైంది మెడలో ఉంటే ఇంకో నాలుగడుగులు వేద్దామనిపిస్తుంది. పాత లెన్సు అక్కడే ఇచ్చేసి కొత్తది తీసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కాదనను.

ఆ తర్వాత సీజనంతా ఆ నాలుగు వరసల ఫొటోలు తీశాను. ప్రతిసారీ ముందు గట్టు మీద నుంచి మొత్తం, తర్వాత వరస, తర్వాత మొక్క, చివరికి ఆకు. ఎర్రగా పండినప్పుడు కూడా తీశాను. కాపు బాగా వచ్చింది.

మార్చిలో సాయిబుగారు ఇంటికే వచ్చాడు, భార్యతో. పొలం ఇంక ఇవ్వనన్నాడట యజమాని. "మిరప చేయలేక పీకేసి శనగ చల్లుకున్నోడికి నా పొలం ఎందుకు" అన్నాడట. ఎవరో అలా చేరేశారు. ఆ రెండెకరాలూ పోతే వాళ్ళకి ఇంకో ఆధారం లేదు. సైకిల్ కొట్టు మళ్ళీ తెరవలేడు. "మీ దగ్గర ఫొటోలున్నయ్యి గదండీ, అవి చూపిస్తే నమ్ముతాడేమో" అన్నాడు.

చీరాల ఆయనకి ఫోన్ చేశాను. "వెళ్ళండి, నోటితో చెప్పండి. కాగితం మీద మాత్రం ఏమీ పెట్టకండి. ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నారు. ఆ కాగితం ఎక్కడెక్కడ తిరుగుతుందో మీకు తెలీదు" అన్నాడు. నా మేలు కోరే అన్నాడు.

నేనూ, వాళ్ళిద్దరూ కలిసి ఒంగోలు వెళ్ళాం. యజమాని మర్యాదస్తుడే, వరండాలో కుర్చీలు వేయించాడు. నా కెమెరా తెర మీద ఆ నాలుగు వరసలు చూపించాను. విరగకాసిన మొక్కలు, ఎర్రటి కాయలు. ఆయన ఒక్కొక్కటీ తీరిగ్గా చూసి సాయిబుగారి వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ఇంత బాగున్న తోటని పీకడానికి చేతులెట్టా వచ్చాయి నీకు?"

నా ఫొటోలే వాళ్ళ మీదికి తిరగబడ్డాయి. సాయిబుగారు తల దించుకున్నాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నా నా పేరు ఎత్తలేదు.

"నేను పీకమంటే పీకారండీ" అన్నాను. మొదటి నుంచి చెప్పాను, ట్యాంకూ, కలుపు మందూ, వైరస్ అనుకోవడం, అన్నీ. ఆయన విని, గడ్డం నిమురుకుంటూ, "మేడమ్ గారూ, మీరు వీళ్ళ మీద జాలితో చెబుతున్నారేమోనని నా అనుమానం. ఆఫీసర్లు తప్పు మాది అనడం నేనెక్కడా చూళ్ళేదు. కాగితం మీద రాసిస్తారా?" అన్నాడు.

చీరాల ఆయన మాట గుర్తు రాలేదని చెబితే అబద్ధం. సంచీలోంచి కాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. ఫలానా ఊరి ఫలానా కూలీ సరిగా కడగని ట్యాంకుతో మందు కొట్టడం వల్ల ఆకులు ముడుచుకున్నాయనీ, అది వైరస్ అని పొరబడి ఎకరం తోట పీకమని నేను సలహా ఇచ్చాననీ రాశాను. పొరపాటు నాదే అని రాస్తూనే, ముందు అతన్ని నిలబెట్టి వెనక నేను నిలబడ్డాను. రాసేటప్పుడు అది నాకు తట్టలేదు.

సాయిబుగారి భార్యకి చదువు రాదు. "ఏం రాశారో చదవండమ్మా" అంది. చదివాను.

"ఆ మందు కొట్టినాయన ఊసెందుకండీ అందులో?" అంది.

"జరిగింది రాయాలి గదమ్మా."

"ఈ కాగితం నలుగురి నోట్లో పడిందంటే ఆయన్ని ఇంక ఏ తోటలోకీ రానీయరు. ముగ్గురు పిల్లలు. అయినా..." అని ఆగి, నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. "ఆ మందుకి మా తోట చావలేదు గదండీ. నాలుగు వరసలు కాసినయ్యి గదా."

సాయిబుగారు "నువ్వుండవే" అన్నాడు మెల్లిగా. యజమాని వీధి వైపు చూస్తూ ఉన్నాడు.

ఆ కాగితం చింపేశాను. ఇంకోటి తీసి మళ్ళీ రాశాను. ఈసారి మూడు వాక్యాలే అయ్యాయి. తోటకి వైరస్ లేదని, నేను తోటంతా తిరిగి చూడకుండా ఉందని చెప్పానని, నా మాట మీదే ఈ రైతు పంట పీకేశాడని. కింద నా పేరు, హోదా, సంతకం. ఆవిడకి చదివి వినిపించాను. తల ఊపింది.

యజమాని కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత సాయిబుగారి వైపు తిరిగి, "ఉగాది వెళ్ళాక దుక్కి దున్నించుకో" అన్నాడు.